ఆగ్రాలో ఒక చిన్న జోడు

ఆగ్రా వెళ్ళివచ్చినవారెవరైనా తాజ్ మహలు గురించే చెబుతారు. వెన్నెల్లో చూశామనో, పొగమంచులో సరిగా కనబడలేదనో, పాలరాయి మీద చెయ్యి వేస్తే చల్లగా ఉందనో చెబుతారు. మేమూ చూశాము. చాలా బాగుంది. కాని ఆగ్రా అనగానే ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ జ్ఞాపకం వచ్చేది తాజ్ మహలు కాదు. ఒక ఇరుకు సందులో, మెట్ల కింది గదిలో, కాగితం మీద పెన్సిలుతో గీసిన ఒక చిన్న పాదం బొమ్మ. ఇంట్లో తప్పటడుగులు వేసే పసివాడున్న ప్రతివారికీ పనికివచ్చే సంగతి గనక చెబుతున్నాను.

మొన్న మాఘమాసంలో హైదరాబాదు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరాము. నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, ఏడాదిన్నర మనవడు. ఉదయం ఎక్కితే మర్నాడు తెల్లవారకముందే ఆగ్రా కంటోన్మెంటులో దింపుతుంది. పులిహోర, దద్దోజనం, జంతికలు, పిల్లవాడి పాలు, పక్కగుడ్డలు, వీటన్నిటితోపాటు వాడి బూట్లు కూడా ప్రత్యేకంగా ఒక చిన్న సంచీలో ప్రయాణం చేశాయి. వాటికి అంత మర్యాద ఎందుకంటే, అవి వాడి మొదటి పుట్టినరోజుకు పెద్ద దుకాణంలో కొన్నవి. ఖరీదు 1,200 రూపాయలు.

"పన్నెండు వందలే! మీ నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంత ఖరీదైన జోడు వేసుకోలేదు" అంది మా ఆవిడ ఆనాడు.

"రెండేళ్ళయినా వస్తాయిలే అమ్మా" అంది అమ్మాయి. అల్లుడు ఏమీ అనలేదు. ఇంటి అప్పు వాయిదా, పాల బిల్లు, టీకాల ఖర్చు నెలనెలా చూసుకునేవాడు అతనే గనక, లోలోపల లెక్క వేసుకునే ఉంటాడు.

అంత పోసి కొన్నవాటిని రోజూ వాడతామా? పెళ్ళికో పేరంటానికో తొడిగి, రాగానే తుడిచి, డబ్బాలో పెట్టేవాళ్ళము. అంచేత ఆరు నెలల తర్వాత కూడా బూట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. అదే మమ్మల్ని మోసం చేసింది. డబ్బాలో బూట్లు అలాగే ఉన్నాయి గాని, బయట పాదం అలాగే లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంట్లో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా పరుగెత్తే కుర్రవాడు ఆగ్రాలో దిగిన దగ్గరనుంచి నడవనని మొరాయించాడు. కోట చూడటానికి వెళితే నాలుగడుగులు వేసి కూలబడేవాడు. చేతులు చాచి "ఎత్తుకో" అనేవాడు. అక్బరు కట్టించిన ఎర్రరాతి కోట అంతా నేనూ అల్లుడూ వాణ్ణి భుజాలు మార్చుకుంటూ చూశాము. ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. గారాబం ఎక్కువైందని నేను. రైల్లో నిద్ర చాలలేదని అమ్మాయి. కాళ్ళలో బలం లేదేమో, డాక్టరుకు చూపించాలని అల్లుడు. దిష్టి తగిలిందని తేల్చి మా ఆవిడ ఆ రాత్రి బసలోనే ఉప్పు తీసి నీళ్ళలో వేసింది. పైకి నవ్వుకున్నామే గాని, నడక వచ్చిన పిల్లవాడు నడక మానేశాడంటే ఏ ఇంట్లోనైనా గుండె కలుక్కుమంటుంది. ఆ రాత్రి అమ్మాయి సరిగా నిద్రపోలేదు.

మర్నాడు తాజ్ మహలు. సమాధి ఉన్న పాలరాతి వేదిక ఎక్కేముందు జోళ్ళు విడవాలి. అందరమూ విడిచాము. వాడి బూట్లూ ఊడదీసి పైకి తీసుకువెళ్ళి దింపాము. చెప్పొద్దూ, వాడు ఒక్క క్షణం తన కాళ్ళకేసి తానే చూసుకుని, ఆ పాలరాతి మీద లగెత్తాడు! ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మేము వాడి వెనక పరుగెత్తడంలో షాజహానునీ ముంతాజునీ సరిగా పలకరించనే లేదు. తీరా కిందికి దిగి బూట్లు తొడగబోతే ఒకటే ఏడుపు.

అప్పుడు చూసింది అమ్మాయి. రెండు కాళ్ళ చిటికెన వేళ్ళ పక్కన ఎర్రగా కందిపోయింది. బొటనవేళ్ళ కొసలు నొక్కుకుపోయి ఉన్నాయి. ఏ నొప్పి ఎక్కడో చెప్పగల వయసా అది? చెప్పులో రాయి సంగతి వేమన మనకు ఎప్పుడో చెప్పి ఉంచాడు గాని, చెప్పే ఇరుకైతే ఏమవుతుందో నోరులేని పసివాడు ఎలా చెబుతాడు? నడవనని కూలబడటమే వాడు చెప్పగలిగిన మాట. మేము దాన్ని గారాబం అనుకున్నాము.

"బలవంతాన తోసి తొడిగాను" అంటూ అమ్మాయి అక్కడే కళ్ళు తుడుచుకుంది. అసలు చిక్కు ఏమిటంటే, అంత ఇరుకైన బూటు కూడా పసివాడి కాలికి ఎక్కుతుంది. ఆ వయసులో పాదంలో ఎముకలు చాలావరకు ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. తోస్తే ఒదుగుతాయి. పెద్దవాళ్ళ కాలైతే ఎదురుతిరుగుతుంది, పసికాలు సర్దుకుపోతుంది. అందుకే దాని విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇక ఆ బూట్లు తొడగటానికి వీల్లేదు. ఉత్త కాళ్ళతో రోడ్ల మీద దింపటానికీ వీల్లేదు. మా బ్యాటరీ రిక్షా కుర్రవాడు సంగతి విని నవ్వి, "ఆగ్రాలో జోడుకు కరువా బాబూజీ? హింగ్ కీ మండీకి పదండి" అన్నాడు.

హింగ్ అంటే ఇంగువ. ఇంగువ బజారులో జోళ్ళేమిటని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. అంతకుముందే ఆగ్రా పేఠా అనే మిఠాయి మనం వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడికాయతో చేస్తారని విని ముక్కున వేలేసుకుంది, ఇది రెండోది. అక్కడివాళ్ళు చెప్పే కథ ఇది: పూర్వం ఇరాను, ఆఫ్ఘనిస్తానుల వైపు నుంచి ఇంగువ తోలుసంచుల్లో వచ్చేదట. సరుకు అమ్ముడుపోయాక మిగిలిన తోలుతో ఇక్కడి పనివాళ్ళు చెప్పులు కుట్టడం మొదలుపెట్టారట. ఇంగువ పోయింది, జోళ్ళు మిగిలాయి. ఇప్పుడక్కడ ఇంగువ వాసన లేదు. అతికించే జిగురు వాసన, కొత్త తోలు వాసన. ఇరుకు సందులు, అటూ ఇటూ నేల నుంచి కప్పుదాకా అట్టపెట్టెలు, పెట్టెల బరువుతో ఊగుతూ పోయే తోపుడుబళ్ళు. దేశంలో ఎక్కడెక్కడి దుకాణాల్లోనో అమ్ముడయ్యే జోళ్ళు ఈ ఊళ్ళో వేల ఇళ్ళల్లో, చిన్న చిన్న గదుల్లో తయారవుతాయి. తరతరాలుగా ఈ పని జాటవుల చేతిమీద నడుస్తున్నది.

మొదటి దుకాణంలో మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపారు. అక్కడ బేరం డజన్ల లెక్కన. ఒక్క జోడు కావాలంటే, అదీ ఇంత కాలికి, ఎవరు పెట్టె విప్పుతారు? చివరకు ఒక కూలీ మా అమ్మాయి చంకలోని పిల్లవాణ్ణి చూసి, రెండు సందుల అవతల పిల్లల జోళ్ళు కుట్టే ఒక ముసలాయన ఇంటికి దారి చూపించాడు.

మెట్ల కింద చిన్న గది. గోడలకు వరసగా పసుపుపచ్చని ప్లాస్టిక్ పాదాలు వేలాడుతున్నాయి. వాటిని వాళ్ళు ఫర్మాలంటారు. మన మాటలో అచ్చులు. ముసలాయన ముక్కు మీది కళ్ళద్దాలలోంచి పిల్లవాణ్ణి చూశాడు. నేను చేతికిచ్చిన 1,200 రూపాయల బూటు చూశాడు. లోపల వేలు పెట్టి తడిమి చూశాడు.

"మాల్ మంచిదే బాబూజీ. కాలిది కాదు" అన్నాడు.

నాకు వచ్చిన హిందీ అంతంతమాత్రం. అల్లుడు సాయం చేశాడు. ముసలాయన నేలమీద కాగితం పరిచి పిల్లవాణ్ణి దానిమీద నిలబెట్టమన్నాడు. కూర్చోబెట్టి కొలిస్తే తప్పు; నిలబడితే ఒంటి బరువు పడి పాదం పరుచుకుంటుంది, ఆ కొలతే అసలు కొలత. పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీశాడు. రెండో పాదమూ గీశాడు; రెండు పాదాలూ ఒకేలా ఉండవు, పెద్దదానికి సరిపోయేటట్టు చూడాలి. మడమ నుంచి అన్నిటికన్నా పొడుగువేలు కొసదాకా కొలిచాడు. 13 సెంటీమీటర్లు దాటి ఒక్క గీత. మా ఖరీదైన బూటు లోపల కాగితపు పట్టీ దూర్చి కొలిచాడు. 13 దాటి నాలుగు గీతలు. అంటే మధ్యన ఉన్నది మూడు మిల్లీమీటర్ల చోటు. నడిచేటప్పుడు పాదం ముందుకు సాగుతుంది కదా. అందుకని వేళ్ళ ముందు కనీసం 12 మిల్లీమీటర్లు, ఇంచుమించు బొటనవేలి వెడల్పు, ఖాళీ ఉండాలన్నాడు.

నంబర్ల సంగతీ అక్కడే తెలిసింది. మన దేశంలో జోళ్ళ మీద కనిపించే ఇంగ్లీషు నంబరుకు మూలం యవల గింజ. మూడు గింజలు అంగుళం. పిల్లల నంబర్లు నాలుగంగుళాల నుంచి మొదలై, నంబరుకు ఒక గింజ, అంటే అంగుళంలో మూడోవంతు, పెరుగుతుంటాయి. మేము కొన్నది నాలుగో నంబరు. ఇప్పుడు కావలసింది అయిదు.

"అయిదెందుకండీ? ఏడు ఇమ్మనండి. ఎదిగే పిల్లాడు!" అంది మా ఆవిడ.

ఈ మాట అనని తెలుగు ఇల్లాలుంటుందా? మా నాన్నగారూ అదే అన్నారు. నాకు ఏడేళ్ళప్పుడు బడికి కాన్వాసు బూట్లు కొన్నారు, రెండు నంబర్లు పెద్దవి. ముందు భాగంలో పాతగుడ్డ కుక్కి తొడిగించారు. ఆ ఏడు పరుగుపందెంలో నా బూటు నాకన్నా ముందు వెళ్ళింది. నేను బోర్లా పడ్డాను. మరుసటి ఏడు సరిగ్గా సరిపోయాయి అనుకునే వేళకు అడుగు అరిగి రోడ్డు తగిలింది. వదులుగా ఒక ఏడాది, చిల్లులతో ఒక ఏడాది. సరిపోయింది మధ్యలో ఓ నెలరోజులు. నాన్నగారిని తప్పుపట్టను. అయిదుగురు పిల్లలు, ఒక జీతం.

ముసలాయనకు మా ఆవిడ తెలుగు అర్థం కాకపోయినా భావం అర్థమైంది. పెద్ద జోడు వేస్తే పిల్లవాడు అది జారిపోకుండా వేళ్ళతో నేలను పట్టుకుని నడుస్తాడనీ, ఆ నడక మంచిది కాదనీ చెప్పాడు. ఒకటి నుంచి మూడేళ్ళ వయసులో పాదం నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకు నాలుగున్నర, అంటే అర నంబరు. అంచేత ఆ వయసులో ఏ జోడైనా మూడు నాలుగు నెలల చుట్టమే. ఖరీదైనదీ అంతే, చౌకదీ అంతే.

అల్లుడు అక్కడికక్కడే లెక్క కట్టాడు. 1,200 రూపాయల జోడు ఆరు నెలలు దాచిదాచి వాడితే నెలకు 200, పైగా చివరి రెండు నెలలూ బాధ. ముసలాయన చెప్పిన ధర 280. మూడు నెలలు రోజూ వాడినా నెలకు 93 రూపాయలు. "ఈ లెక్క పుట్టినరోజుకు ముందే వేయవలసింది మామయ్యగారూ" అన్నాడు. "మన్నికకు డబ్బు పోశాము, మన్నిక వీడికి అక్కరలేనే లేదు."

చవకదైతే చాలదు, మరి నాలుగు చూసుకోవాలి. ముసలాయన ఒక్కొక్కటే వంచి చూపించాడు. జోడు ముందు వేళ్ళ దగ్గర వంగాలి గాని నడుము దగ్గర మడతపడకూడదు. మడమ దగ్గర గట్టిగా నిలబడాలి. పైన బిగించుకునే పట్టీ ఉండాలి. లోపల కుట్టు వేలికి తగలకూడదు. ముందు భాగం వెడల్పుగా, పాదం ఆకారంలో ఉండాలి.

మేము మాట్లాడుతుండగానే ఆయన కొడుకు ఖాళీ బుట్టతో లోపలికి వచ్చాడు. పొద్దున బుట్టనిండా జోళ్ళు మండీకి తీసుకువెళ్ళాడట. తండ్రి చేతిలో డబ్బు పెట్టలేదు. ఒక చీటీ పెట్టాడు. అదేమిటని అడిగాను. దాన్ని పర్చీ అంటారు. సరుకు తీసుకున్న వ్యాపారి ఇన్ని రూపాయలు ఫలానా తారీఖున ఇస్తానని రాసి ఇచ్చే కాగితం. ఆ తారీఖు రెండు నెలలకో మూడు నెలలకో ఉంటుంది. అంతవరకు ఆగలేకపోతే దళారి కొంత కోసుకుని మిగతాది ఇస్తాడు. తోలు కొనాలి, జిగురు కొనాలి, ఇంట్లో పొయ్యి వెలగాలి, ఆగేదెలా?

ముసలాయన చీటీని మేకుకు గుచ్చుతూ, "ఇది డబ్బయ్యే వేళకు మీ బాబుకు ఈ జోడు పట్టదు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మనము మూడు నెలలకే కొత్త జోడా అని నిట్టూరుస్తాము. ఆ జోడు కుట్టినవాడికి దాని డబ్బు చేతికి వచ్చేసరికి, దాన్ని తొడుక్కున్న పాదం పెరిగిపోయి ఉంటుంది.

ఇంతలో గుమ్మంలో రెండేళ్ళ పిల్ల వచ్చి నిలబడింది. ఆయన మనవరాలు. కాళ్ళకు జోళ్ళున్నాయి, ఒకదాని పట్టీ ఎరుపు, రెండోదాని పట్టీ నీలం. మిగిలిన ముక్కలతో కుట్టినవి. మా ఆవిడ వంగి చూసింది. వేళ్ళ ముందు సరిగ్గా బొటనవేలంత చోటు, మడమ దగ్గర కుదురు. మా పన్నెండు వందల బూటు కంటే వెయ్యిరెట్లు నయంగా అమరి ఉన్నాయి.

"రంగు తేడా కాలికి తెలియదు అమ్మా, కొలత తేడా తెలుస్తుంది" అన్నాడు ముసలాయన.

అంతవరకు రెండు వందలకు అడగమని నన్ను మోచేత్తో పొడుస్తున్న మా ఆవిడ, తానే సంచీ విప్పి 280 రూపాయలూ లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టింది. రొక్కం చూసి ఆయన కళ్ళకద్దుకున్నాడు. అచ్చుమీద బిగించి రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు పొద్దున జోడు ఇచ్చాడు. పిల్లవాడు దాన్ని తొడుక్కుని ఆ సందు చివరిదాకా తానే నడిచాడు. అమ్మాయి వాడి వెనకే, ఎత్తుకోకుండా, చేతులు మాత్రం చాచి నడిచింది.

తిరుగు ప్రయాణంలో, ఇంటికి వచ్చాక కూడా, ఈ విషయమే మాట్లాడుకున్నాము. కొన్ని చదివి తెలుసుకున్నాము. మంగుళూరులో ఇద్దరు వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. జోళ్ళు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం మందికి ఉంటే, ఉత్త కాళ్ళతో తిరిగేవారిలో 2.8 శాతం మందికే ఉన్నాయి. వేళ్ళను పూర్తిగా మూసే బూట్లు వాడేవారిలో అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి ఇంట్లో, శుభ్రమైన నేల మీద, పసివాణ్ణి ఉత్త కాళ్ళతో తిరగనివ్వడం పేదరికమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. జోడు కావలసింది వీధిలో రాయి, ముల్లు, ఎండ నుంచి కాపాడటానికి.

ఇంకొకటి. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ, అదే ఒకప్పుడు మన యలవర్తి నాయుడమ్మగారు డైరెక్టరుగా పనిచేసిన సంస్థ, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిపించింది. మన పాదాలు యూరపు, అమెరికా వారి పాదాలకన్నా వెడల్పని తేలింది. ఆ కొలతల మీద "భ" అనే పేరుతో మన దేశపు నంబర్లను ప్రతిపాదించారు. అందులో ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకు ప్రత్యేకంగా ఒక వర్గం ఉంది. మా వాడి చిటికెన వేలు ఎందుకు కందిందో అప్పుడు బోధపడింది. పొడవు చూసి కొన్నాము. వెడల్పు ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం పిల్లవాణ్ణి కాగితం మీద నిలబెట్టి గీస్తాము. కాస్త పొద్దుపోయాక పాదం కొంచెం పొంగి ఉంటుంది గనక సాయంకాలమే మేలు. వైశాఖంలో కొలిస్తే 13 దాటి ఆరు గీతలైంది. ముసలాయన చెప్పినట్టే. ఆ బొమ్మకు వేళ్ళ ముందు చోటు కలిపి కత్తిరించి, బజారుకు పట్టుకెళ్ళి, జోడు లోపల పరిచి చూసుకుని, ఎండాకాలం గనక వేళ్ళు తెరిచి ఉండే చెప్పులు 320 రూపాయలకు తెచ్చాము. ఖరీదైన బూట్లు అద్దాల బీరువాలో, ఆగ్రాలో కొన్న తాజ్ మహలు బొమ్మ పక్కన ఉన్నాయి. ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఆ రోజు పాత కాగితం మీద కొత్త కాగితం పెట్టి చూస్తూ మా ఆవిడ అంది:

"ఏమండీ, ఆ ముసలాయన చీటీ ఈపాటికి మారి ఉంటుందంటారా?"

మేము కొన్నది మాఘంలో. ఇప్పుడు వైశాఖం. వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను.

"మారి ఉంటుంది" అన్నాను.